రెండో చరణం

బాలస్వామికి ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఆ తాతబ్బాయే!

బాలస్వామి భార్య పుష్పవతి గొంతు ఎలాంటిదో ఆ దీవుల్లో, వాళ్లుండే ఆస్టినాబాద్‌లో ఎవర్నడిగినా చెబుతారు. ఆవిడ సొంతంగా కట్టిన భక్తి పాటల కోసం ఆయన ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. పాట పడితే చాలు, పువ్వులూ దండాలూ 'సూపర్ దీదీ'లూ కురిసేవి. ఆ పానకంలో పుడక తాతబ్బాయి. దీవుల ఉత్తరపు కొసన డిగ్లీపూర్‌లో చేపల పడవ నడుపుకునే మనిషి. తెలుగు రాయడం రాదు, అన్నీ వాయిస్ మెసేజీలే. ఊపిరి వినబడిందనీ, మాట మింగేశారనీ ప్రతి పాటకీ ఓ వంక పెట్టేవాడు. ఇన్నాళ్లూ పోనీలే అని ఊరుకున్నాడు బాలస్వామి.

ఈసారి ఊరుకునే సంగతి కాదు. విశాఖలో క్రిస్మస్ పాటల సభ జరిపేవాళ్లు పుష్పవతి పాట ఒకటి పంపమన్నారు. నచ్చితే పిలిచి వేదిక మీద పాడిస్తారు. సముద్రం దాటి అవతలి ఒడ్డున ఒక్కసారైనా పాడాలని ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఆశ. సాయంత్రంలోగా పంపాలి. ముందు మనవాళ్ల మెప్పు చూద్దామని పొద్దున్నే ఆ పాట వీడియో గ్రూపులో పెడితే, చేతిలో టీ చల్లారకముందే పొగడ్తలు వచ్చిపడ్డాయి. మధ్యాహ్నం దాటాక వచ్చింది తాతబ్బాయి మెసేజీ.

"దీదీ, ఏటీ అనుకోకండి, ఈపాలి బాగోనేదు..."

బాలస్వామి అక్కడే ఆపేశాడు. షాదీపూర్ యేసురాజు అప్పుడే రాశాడు: 'నచ్చకపోతే వినడం మానేయాలి. ఇలాంటోళ్లని నికాల్ దో భయ్యా.' బాలస్వామి తాతబ్బాయిని గ్రూపులోంచి పీకేశాడు. ప్రాణానికి హాయిగా అనిపించింది.

పాట విశాఖకు పంపబోతుంటే పుష్పవతి వంటింట్లోంచి అడిగింది. "తాతబ్బాయి ఏమన్నాడండీ?"

"వాడా? తీసేశాను. బాగోలేదంటాడా? వాడి మొహం!"

"తీసేశారా?" ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఫోను లాక్కుంది. మెసేజీ మొత్తం పెట్టింది.

"...ఈపాలి బాగోనేదు. మీ పాట కాదు దీదీ, రికార్డింగే గడ్బడ్. రెండో చరణంలో కీబోర్డు తప్ప మీ గొంతు నేదు. నా ఫోనే ఖరాబనుకొని మా తమ్ముడి ఫోన్లో కూడా ఇన్నాను. భయ్యాకి జర చెప్పండి."

పుష్పవతి పాట పెట్టింది. మొదటి చరణం బాగానే ఉంది. రెండో చరణంలో ఆవిడ పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. పాటనూ వాయిద్యాన్నీ ఫోన్లో అతికించింది బాలస్వామే. దాని కింద యేసురాజు మెచ్చుకోలు మెరుస్తోంది: 'రెండో చరణం ఏడిపించేసింది దీదీ.'

బాలస్వామికి తల కొట్టేసినట్టయింది. దీవులకు సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ ఇంకా రాని రోజులవి. వీడియో తెరుచుకోవడానికే ఒక పూట పడుతుంది. అలాంటిది టీ చల్లారకముందే అంతమందీ ఎలా విన్నారని తనకు తట్టనే లేదు. దొంగ వెధవలు, ఒక్కడూ వినలేదు!

"అందర్నీ పీకేస్తాను!" అని అరిచాడు.

పుష్పవతి అరవలేదు. "మీరు విన్నారా?" అంది.

పాట కింద అందరికంటే ముందు 'సూపర్' అని పెట్టింది బాలస్వామే, వినకుండానే.

"అతను చెప్పినవన్నీ దిద్దుకునే నేను ఇంతవరకూ వచ్చాను. విన్నవాడే కదండీ వంక పెట్టగలడు," అంది ఆవిడ.

ఆయనే తాతబ్బాయికి ఫోను చేసి, తప్పయిపోయింది భయ్యా అన్నాడు. పుష్పవతి మళ్లీ పాడింది. ఈసారి ఆయన చివరి దాకా విని, వీడియో లేకుండా వట్టి పాటనే డిగ్లీపూర్‌కు పంపాడు. చాలాసేపటికి జవాబొచ్చింది.

"ఇప్పుడు గొంతుంది దీదీ. గానీ ఆఖర్న జల్దీ పడిపోయినారు."

బాలస్వామికి ఒళ్లు మళ్లీ మండింది. నోరు తెరవబోయి భార్యకేసి చూశాడు. ఆవిడ అప్పటికే గొంతు సవరించుకుంటోంది. ఆయన నోరు మూసుకుని రికార్డింగ్ నొక్కాడు.