రెండో నంబరు జెర్సీ

“కాలరు దగ్గర ఇంకోసారి పెట్టు మైలిస్, శనివారం ఫైనల్‌కి బస్సు దిగేటప్పుడు దేశమంతా చూస్తుంది ఆ చొక్కాని” అంది మా అత్తగారు జోసెట్. ఇస్త్రీపెట్టె నా చేతిలో ఉంది. సలహా ఆవిడ నోట్లో ఉంది. చొక్కా వేసుకోవాల్సిన మా ఆయన రెమీ పక్క గదిలో కిటికీ తలుపులన్నీ మూసుకుని, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాడు. జూన్ నెల మధ్యాహ్నం. బయట ఊరంతా మా రగ్బీ క్లబ్బు ఎరుపు నలుపు జెండాలు కట్టుకుంటోంది. రొట్టెల దుకాణంవాడు రొట్టె మీద కూడా రెమీ నంబరు గీసి అమ్ముతున్నాడు. ఆ రెమీ మాత్రం వెలుతురు చూడలేకపోతున్నాడన్న సంగతి నాకూ మా అత్తగారికీ తప్ప ఎవరికీ తెలియదు.

అంతకు ముందు శనివారం సెమీఫైనల్లో అవతలి జట్టువాడి మోకాలు రెమీ కణతకి తగిలింది. పడ్డాడు, వెంటనే లేచాడు. లేచి నిలబడ్డవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. రగ్బీలో ఎక్కడా రాయని రూలు అది. ఆ రాత్రి కుళాయి విప్పి, ఆ చప్పుడు మాటున వాంతి చేసుకున్నాడు. తెల్లారి కాఫీ డబ్బా తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాడు. మంగళవారం సాయంత్రం మా అనౌక్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ నిమురుతూ, “అనౌక్ బడి నుంచి వచ్చేసిందా?” అని నన్నే అడిగాడు. ఐదేళ్ళ పిల్ల అది ఆట అనుకుని కిలకిలా నవ్వింది. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. ఎవరి మీద కోపమో అప్పటికి నాకే తెలియలేదు.

క్లబ్బు డాక్టరు దగ్గర పరీక్షలు లేవా అంటారేమో, ఉన్నాయి. సీజన్ మొదట్లో ఆటగాళ్ళందరికీ పెడతారు. కొన్ని మాటలు చెప్తే తిరిగి అప్పజెప్పాలి. అంకెలు వెనకనుంచి చదవాలి. ఒంటికాలి మీద నిలబడాలి. తర్వాత ఎవడి తలకి దెబ్బ తగిలినా, ఆ మొదటి మార్కులతో పోల్చి చూస్తారు. మన మగమహారాజులు దానికీ విరుగుడు కనిపెట్టారు. మొదటి పరీక్షలోనే కావాలని తప్పులు చెప్తారు. అప్పుడిక దెబ్బ తగిలాక ఎన్ని మర్చిపోయినా, ఎప్పటిలాగే ఉన్నాడని తేలుతుంది. నా భోజనాల బల్ల దగ్గరే విన్నాను నేనీ తెలివి. “సగం మాటలు కూడా గుర్తులేవన్నాను, డాక్టరు పాపం జాలిపడ్డాడు” అని రెమీ చెప్తుంటే, జట్టులో ముందువరస ఆటగాళ్ళంతా బల్ల గుద్ది నవ్వారు. వాళ్ళకి రెండో విడత బాతుమాంసం, చిక్కుళ్ళు వడ్డిస్తున్నది నేనే. బాగా ఉడికాయని మెచ్చుకున్నారు కూడా.

డాక్టర్ కాస్తాన్ మరీ అమాయకుడేం కాదు. తన పరీక్షకి ఎంత విలువుందో ఆయనకి అర్థమైంది. అందుకే పెద్ద మ్యాచ్‌కి ముందు ఆటగాళ్ళని వదిలేసి, వాళ్ళ పెళ్ళాలకి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఆ గురువారం నేను ఇస్త్రీ చేస్తుండగానే చేశాడు. ఎలా ఉన్నాడమ్మా, నిద్రపోతున్నాడా, తలనొప్పి ఏమైనా అంటున్నాడా అని అడిగాడు. పక్క గది గుమ్మంలోకి రెమీ వచ్చి నిలబడ్డాడు. పెదాల మీద వేలు పెట్టాడు. పాతికమందిని నెట్టి పారేసే మనిషి, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా చూశాడు. “బాగున్నాడండీ. హాయిగా నిద్రపోతున్నాడు” అన్నాను. ఫోన్ పెట్టేశాక నా నుదుటి మీద ముద్దు పెట్టి, “నువ్వు బంగారం” అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నన్ను ఎవరైనా బంగారం అన్నారంటే, ఏదో తాకట్టు పెట్టబోతున్నారన్నమాటే.

మా అత్తగారు అంతా చూస్తూనే ఉంది. ఆవిడ, కుర్చీలో కూర్చున్న మా మామగారు రొజేకి సూపు కారిన గడ్డం తుడుస్తూ, “మంచిపని చేశావు పిల్లా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది” అంది. మామగారు కూడా ఒకప్పుడు రెమీలాగే రెండో నంబరు ఆటగాడే. రెండు జట్లూ తలలు వంచి ఒకరినొకరు నెట్టుకునే స్క్రమ్‌లో, ముందువరస మధ్యన తల దూర్చే స్థానం. మా క్లబ్బు లీగ్ ఫైనల్ గెలిచి, ట్రోఫీగా ఇచ్చే చెక్క డాలు ఊరికి తెచ్చింది ఒకే ఒక్కసారి, ఆయన కాలంలో. ఇప్పుడాయనకి అరవై నాలుగు. ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో జోసెట్ రోజూ చూపిస్తుంది. ఎవరైనా అడిగితే “వయసు కదా” అంటుంది. రొట్టెల దుకాణంవాడి తండ్రికి ఎనభై దాటాయి, వీధిలో ఎవరి పెంపుడుకుక్క ఎవరిని కరిచిందో సంవత్సరంతో సహా చెప్తాడు. ఈ ఇంటికే ఎందుకొచ్చిందో ఆ వయసు.

పెళ్ళయ్యాక మూడు ఊళ్ళు మారాం, రెమీ కాంట్రాక్టుల కోసం. మారిన ప్రతిసారీ నా టీచరు ఉద్యోగం పోయింది. “లెక్కలు ఎక్కడైనా చెప్పుకోవచ్చు నువ్వు, నాకు జట్టు ఒక్కటే కదా” అనేవాడు. నిజమే, ఎక్కడైనా చెప్పాను, ఎప్పుడూ ఎవరో సెలవు పెడితే ఆ ఖాళీలోనే చెప్పాను. అనౌక్‌కి జ్వరమొస్తే ఒక్కరోజు సెలవివ్వని మా హెడ్‌మాస్టరు, ఫైనల్ కోసం అడక్కుండానే శుక్రవారం సెలవిచ్చాడు. “ఆయన్ని బాగా చూసుకోండి మేడమ్, ఊరి పరువు మీ వంటింట్లో ఉంది” అన్నాడు. స్టాఫ్‌రూమంతా చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వాను. నవ్వడం కూడా నా పనుల్లో ఒకటి.

శుక్రవారం అనౌక్‌ని మా చెల్లెలి దగ్గర వదిలి, అత్తమామలతో పారిస్ రైలెక్కాను. జట్టు ముందే వెళ్ళిపోయింది. పెట్టెనిండా మా ఊరివాళ్ళే. పాటలు, ఎండు సాసేజీలు, సీసాలు. ప్రతివాడూ నా భుజం తట్టి రెమీ ఎలా ఉన్నాడని అడిగేవాడే. ప్రతివాడికీ బాగున్నాడని చెప్పాను. చెప్పినకొద్దీ నోరు చేదెక్కింది. అప్పటికే కొన్నాళ్ళుగా నేను ఆ మనిషి బట్టలూ తిండీ మందులూ మాత్రమే కాదు, అతని జ్ఞాపకాన్ని కూడా మోస్తున్నానని రైల్లో కూర్చుని అర్థం చేసుకున్నాను. ఇక ముందు మోయాల్సింది ఎంతో నా ఎదుటి సీట్లోనే కూర్చుని ఉంది. మామగారు కిటికీ వైపు చూస్తూ, మనం ఎక్కడికి వెళ్తున్నామని జోసెట్‌ని అడుగుతూనే ఉన్నారు. ఆవిడ విసుక్కోకుండా, ఫైనల్‌కి అని చెప్తూనే ఉంది.

మ్యాచ్ రోజు పొద్దున జెర్సీలు అందించడం మా క్లబ్బులో పెద్ద తంతు. మామూలుగా పాత ఆటగాడెవరో వచ్చి ఇస్తాడు. ఫైనల్‌కి మాత్రం ఇంటి ఆడవాళ్ళు ఇవ్వాలి. నాలుగు మాటలు చెప్పాలి. మేం ఏడవాలి, వాళ్ళు ఏడవాలి, క్లబ్బువాళ్ళు వీడియో తీయాలి. హోటల్ హాల్లో జట్టంతా ఒకవైపు, మేమొకవైపు కూర్చున్నాం. కోచ్ పక్కన డాక్టర్ కాస్తాన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకటో నంబరువాడి తల్లి కొడుకుని కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత మా వంతు. రెండో నంబరు జెర్సీ నా ముందున్న బల్ల మీద ఉంది.

నేను లేచేలోపే మామగారు చెయ్యి చాపి దాన్ని అందుకున్నారు. “ఇది నాదే. బస్సు ఎన్నింటికి జోసెట్?” అంటూ తల దూర్చేశారు. సగంలో ఇరుక్కుపోయారు. ఒక చెయ్యి బయట, ఒక చెయ్యి లోపల, మొహం కనిపించడం లేదు. హాలంతా ప్రేమగా నవ్వింది. “చాంపియన్! చాంపియన్!” అని చప్పట్లు కొట్టింది. ఫోన్లు పైకి లేచాయి. రెమీ కూడా నవ్వుతున్నాడు, దీపాల వెలుగుకి కళ్ళు చికిలించి. అరవై నాలుగేళ్ళ మనిషి గుడ్డలో ఊపిరాడక గింజుకుంటుంటే, ఆ గదిలో నవ్వని వాళ్ళం ఇద్దరమే ఉన్నాం.

జోసెట్ నెమ్మదిగా ఆ జెర్సీని ఆయన తలమీంచి లాగింది. చెదిరిన జుట్టు సర్దింది. చప్పట్ల మధ్యలో, నా వైపు చూడకుండా, నాకు మాత్రమే వినపడేలా అంది:

“ఆవేళ ఫైనల్‌కి ఈయనకి జెర్సీ నేనే ఇచ్చాను. తల తిరుగుతోంది జోసెట్ అన్నాడు. నవ్వు, ఫొటో తీస్తున్నారు అన్నాను.”

జెర్సీ నా చేతుల్లో పెట్టింది. ఇన్నేళ్ళూ ఆవిడ నాకిచ్చిన సలహాలన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు.

రెమీ ముందుకొచ్చి రెండు చేతులూ చాపాడు. ముప్పై ఒక్క ఏళ్ళు. మొదటి ఫైనల్, బహుశా చివరిది కూడా. ఇప్పుడు నేను నోరు విప్పితే ఇతను నన్ను క్షమించడు. ఊరు క్షమించదు. ఓడిపోతే నావల్ల ఓడారంటారు, గెలిస్తే ఆ గెలుపుకి ఇతన్ని దూరం చేసిన మహాతల్లినంటారు. రొట్టెల దుకాణంలో నాతో ఎవరూ మాట్లాడరు. మాట్లాడకపోనీ. ఇంకో ముప్పై ఏళ్ళపాటు ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో రోజూ చూపిస్తూ, వయసు కదా అని నవ్వే ఓపిక నాకు లేదు. ఇతన్ని ప్రేమించలేదని ఎవరైనా అంటే అననీ. నాకు అతను కావాలి. అతని పటం కాదు.

వీడియో తీస్తున్న అమ్మాయి, మొదలుపెట్టమని చెయ్యి ఊపింది. జెర్సీని మడిచి చంకలో పెట్టుకున్నాను. రెమీ చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. “మైలిస్, వద్దు” అన్నాడు నోట్లోనే. అతన్ని దాటి చూశాను.

“డాక్టర్‌గారూ, గురువారం మీరు ఫోన్‌లో నన్నో ప్రశ్న అడిగారు. నేను అబద్ధం చెప్పాను. ఇప్పుడు మళ్ళీ అడగండి.”