వెలుతురులో చూడని పళ్లేలు

ఆ ప్రయోగశాలలో ఒక అలవాటుండేది. బూజు పెంచే గాజు పళ్లెం ఏదైనా పారేసే ముందు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు ఎత్తిపట్టి ఒకసారి చూడాలి. అక్కడి పరిశోధనకు పెద్దదిక్కు, అందరూ పెద్దక్క అని పిలిచే శాస్త్రవేత్త పెట్టిన నియమం అది.

కృత్రిమ మేధ వచ్చాక ఆ అలవాటు మెల్లగా జారిపోయింది. కెమెరా కింద పెడితే చాలు, బూజు పెరిగిందో లేదో అదే చెప్పేసేది. నెలల పని పూటలో తెమిలేది. అక్కడ అందరూ తమ్ముడని పిలిచే పరిశోధకుడు దాన్ని మరీ నమ్మాడు.

ఆ రోజు పాపను బడి నుంచి తీసుకురావాలన్న తొందరలో, తెరమీద 'పెరుగుదల కనబడలేదు' అని వచ్చిన పళ్లేలన్నీ, పారేసే ముందు బూజును చంపే ఆవిరి యంత్రంలో పెట్టి మీట నొక్కేశాడు.

తిరిగొచ్చేసరికి పెద్దక్క అరలు వెతుకుతోంది. "ఒరేయ్ తమ్ముడూ, నా గుహమట్టి పళ్లేలేవిరా?"

అవీ ఆవిరి యంత్రంలోకే వెళ్లాయి. మందులకు లొంగని పుండ్లకు, గుహ నుంచి తెచ్చిన మట్టిలో మొలిచే ఆ బూజులో విరుగుడుందని ఆవిడ ఆశ. అది మొదట్లో గాజుమీద ఊపిరి తగిలినంత మసకగా ఉంటుంది, అంతే.

"కంప్యూటరు ఏమీ లేదందక్కా."

పెద్దక్క కుర్చీలో కూలబడింది. "దాని కళ్లు మండ! నువ్వేం చేస్తావులే, మనమే దాన్ని నెత్తికెక్కించుకున్నాం గదా."

"కళ్లజోడు పెట్టించండి దానికి!" అన్నారెవరో పక్క గదిలోంచి. తమ్ముడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

సాయంత్రం దేవుడి ముందు కూర్చుంటే తమ్ముడికి మనసు నిలవలేదు. అది కనబడలేదంది గానీ పారేయమందా? ఎదురు చెప్పలేనిదాని మీద నెపం నెట్టేయడం ఎంత తేలిక!

పొద్దున్నే పెద్దక్క ముందు నిలబడ్డాడు. "అక్కా, తప్పు దానిది కాదు. కిటికీ దగ్గర చూడకుండా పారేసింది నేను."

"నిన్న దాన్ని తిట్టుకుని నిద్రపోయాను. ఇవాళ ఎవర్ని తిట్టనురా?"

"నన్ను."

"నిన్ను తిడితే బూజు మొలుస్తుందా? వానలు తగ్గేదాకా ఆ గుహలోకి దారే ఉండదు." సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఈసారి నువ్వూ రా. మట్టి మొయ్యాలి."

ఆ మధ్యాహ్నం తెర మళ్లీ ఒక పళ్లేన్ని ఖాళీ అంది. తమ్ముడు దాన్ని కిటికీ దగ్గర ఎత్తిపట్టాడు. ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. అయినా దాన్ని దించడానికి చెయ్యి రాలేదు.