భ్రమరాంబ కొట్లో పసుపు వెలుగు

నేను ఒక రింగు లైటును. గాజులా గుండ్రంగా ఉంటాను, మూడు కాళ్ళ మీద నిలబడతాను, నడుమ ఖాళీలో సెల్‌ఫోను బిగిస్తారు. నా వైరుకు చిన్న మీట ఉంది. ఒకసారి నొక్కితే తెల్లటి వెలుగు, ఇంకోసారి నొక్కితే పసుపు, మూడోసారి నొక్కితే ఆరిపోతాను. నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో నాలాంటివాటి మధ్య పుట్టి, అట్టపెట్టెలో ముడుచుకుని చీరాల చేరాను. పెట్టె మీద ఓ అందగత్తె బొమ్మ ఉండేది. నేను వెలిగించబోయే ముఖాలన్నీ అలాగే ఉంటాయని మురిసిపోయాను. పిచ్చిదాన్ని!

నన్ను మొదట కొన్నది మిఠాయి కొట్టు సాంబమూర్తి. ఊళ్ళో అందరూ ఫోనులో వీడియోలు పెట్టి అమ్ముకుంటుంటే తనెందుకు ఊరుకోవాలని ఆయనకు పట్టుదల వచ్చింది. గల్లా దగ్గర కూర్చుని ఊరందరితో కబుర్లాడే మనిషికి, నా ముందు నిలబడేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. "నమస్కారం" అన్నాడు. తర్వాత మైసూరుపాకు ముక్క పట్టుకుని, దాన్నే చూసి చూసి, తనే నోట్లో వేసుకున్నాడు. ఆ వీడియోని ఆయన బామ్మర్ది చూశాడట, మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు. కొన్నాళ్ళకు ఆయన పెళ్ళానికి చీర కావాలని భ్రమరాంబ కొట్టుకు వచ్చి, చీరకు బదులు నన్ను అంటగట్టి పోయాడు.

భ్రమరాంబ ఇంటి ముందు గదే చీరల కొట్టు. వెనక పెరట్లో ఆమె మొగుడు శేషగిరి నూలుకు రంగు వేస్తాడు. ఆ నూలు చుట్టాల మగ్గాలెక్కి చీరలై కొట్లోకి వస్తుంది. వంకాయ రంగు, నెమలికంఠం, ఉల్లిపొర రంగు, అన్నీ ఆయన తొట్టిలోంచి రావాల్సిందే. మనిషి మాట తక్కువ, రంగు దగ్గర మాత్రం మహా పట్టింపు. షాపింగు మాళ్ళు వచ్చి గిరాకీ పడిపోతే ఆయన దిగులుపడ్డాడు. భ్రమరాంబ దిగులుపడే రకం కాదు. ఫోనులో పేజీ తెరిచింది.

మొదటిరోజు తెల్లటి వెలుగు పెట్టుకుని, ఫోనులో తన మొహం చూసుకుని, "అబ్బే, పిండిలో పడి లేచినట్టున్నా" అంది. పసుపు నొక్కింది. లైవు మొదలైందో లేదో ఎవరో కామెంటు పెట్టారు, 'అక్కా, మెరిసిపోతున్నారు!' అంతే, ఆ పసుపు మళ్ళీ తెలుపైతే ఒట్టు.

ఇక చూడాలి ఆవిడ హడావుడి. "అందరూ బాగున్నారా అమ్మా? నా మాట వినబడుతోందా? నచ్చిన చీర స్క్రీన్‌షాటు తీసి వాట్సాపు చెయ్యండి. లైకు కొట్టడానికి కూడా బద్ధకమైతే ఎట్టా తల్లీ?" అంటూ వసపిట్టలా మాట్లాడేది. ఏ ఊళ్ళోనో కూర్చున్న ఆడవాళ్ళు ఆమెను పక్కింటి మనిషే అనుకునేవారు. ఒకామె గోంగూర పచ్చడి నల్లబడుతోందేమని అడిగితే, చేతిలో చీర అలాగే పట్టుకుని దానికీ ఉపాయం చెప్పింది. ఆ ఆదివారం చీరలు బాగా అమ్ముడయ్యాయి. ఈ మనుషులకు సరుకుకన్నా కబురే ముందు కావాలని నాకప్పుడే అర్థమైంది.

అంతలో పార్సిళ్ళు తిరిగి రావడం మొదలైంది. 'ఫోనులో మెరూను, విప్పితే వంకాయ' అని ఒకరు. 'బంగారు ఛాయ అనుకుంటే ఉల్లిపొర వచ్చింది' అని ఇంకొకరు. నెల్లూరు ఆవిడైతే పేజీలోనే రాసిపారేసింది, 'వీళ్ళవి రంగులు కావు, అబద్ధాలు' అని. అది చదివి భ్రమరాంబకు తల కొట్టేసినట్టయింది.

"తొట్టిలో ఏవన్నా తేడా వస్తోందేమో చూసుకోవయ్యా" అంది మొగుడితో.

అన్నం తింటున్న శేషగిరి చెయ్యి ఆగిపోయింది. "నా రంగుకి వంక పెట్టినోళ్ళు ఇంతవరకు లేరు. ఇప్పుడు నువ్వు కూడా పెడుతున్నావు. ఇంకొక్క చీర తిరిగొచ్చిందంటే తొట్టి బోర్లించేసి, షాపింగు మాల్లో తలుపు తీసే పనికి పోతా" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆయన కోపంలో అన్న మాట కాదది. భ్రమరాంబకు ఆ సంగతి తెలుసు, అందుకే ఆమెకూ ముద్ద దిగలేదు.

నేను అక్కడే ఉన్నాను. నోరుంటే చెప్పేదాన్నని అందామనుకున్నాను గానీ, ఏమో! మెరిపించడం నా ఉద్యోగం. ఉద్యోగం పోగొట్టుకునే మాట ఎవరు మాత్రం చెబుతారు?

సరిగ్గా అప్పుడే ఒంగోలు నుంచి సుభాషిణి అనే పెళ్ళికూతురి తల్లి కబురు పెట్టింది. తమ వైపు ఆడవాళ్ళందరికీ ఒకే రంగు చీరలు కావాలి, లైవులో చూసి ఖాయం చేస్తామంది. చీరలు నచ్చితే శేషగిరి తొట్టి నిలబడుతుంది. విప్పాక రంగు మారిందంటే బోర్లాపడుతుంది. భ్రమరాంబ దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఉల్లిపొర రంగు చీర భుజాన వేసుకుని నా ముందు నిలబడింది. నా వెలుగులో ఆ చీర బంగారంలా మెరిసింది. సుభాషిణి బృందం మురిసిపోయింది.

ఠప్పున కరెంటు పోయింది.

"కరెంటోళ్ళకి కూడా మా చీర మీద కన్ను పడిందమ్మా!" అని నవ్వేసి, భ్రమరాంబ ఫోను ఊడబెరుక్కుని చీరతో సహా వీధి అరుగు మీదికి నడిచింది. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. 'అక్కా, చీర మార్చారేంటి?' అని ఒక కామెంటు. 'ఇది వేరే రంగు' అని ఇంకోటి. ఆమె ఫోను చూసింది, చీర చూసింది, మళ్ళీ ఫోను చూసింది. తప్పు తొట్టిది కాదు.

'ఏది అసలు రంగమ్మా?' సుభాషిణి అడిగింది.

ఇంతలో కరెంటు వచ్చి నేను లోపల భళ్ళున వెలిగాను. భ్రమరాంబ గుమ్మంలోంచి నావైపు చూసింది. ఒక్క అడుగు లోపలికి వేస్తే చాలు, మళ్ళీ బంగారం. వేయలేదు.

"ఇదే అసలు రంగు వదినా. ఇందాక మీరు చూసింది లైటు రంగు. నా మొహం బాగుంటోందని ఆ పసుపు లైటు పెట్టుకు కూర్చున్నా. రంగుకేం వంక లేదు, బుద్ధి లేంది నాకే. ఏమయ్యా, ఇట్టా రా!"

శేషగిరి పెరట్లోంచి కంగారుగా వచ్చాడు. మోచేతుల దాకా ఉల్లిపొర రంగే. ఆ చేతుల పక్కన చీర పెట్టి ఎండలో చూపించింది. "ఈ చేతుల రంగే మీకు వచ్చే చీర. నచ్చితేనే తీసుకోండి. ఇంతకుముందు రంగు తేడా వచ్చినోళ్ళు కూడా అడగండి, మార్చి ఇస్తాం."

శేషగిరి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు. తర్వాత సుభాషిణి మాట వచ్చింది. భ్రమరాంబ దాన్ని మొగుడికి వినబడేలా పైకి చదివింది: 'ఎండలోనే బాగుంది. ఇదే ఖాయం. ఆ చేతులాయన్ని కూడా పెళ్ళికి తీసుకురండి.'

ఇప్పుడు లైవులన్నీ అరుగు మీదే, ఎండలోనే. నన్ను తుక్కు బండికి ఇచ్చేస్తారని హడలిపోయాను గానీ, భ్రమరాంబ అద్దం పక్కన నిలబెట్టుకుంది. ఒంగోలు పెళ్ళికి బయల్దేరే పొద్దున ఉల్లిపొర రంగు చీర కట్టుకుని, నా పసుపు వెలుగులో బొట్టు దిద్దుకుంది.

"ఎట్టా ఉన్నా?" అని మొగుడిని అడిగింది.

ఆయన వచ్చి నా మీట నొక్కేసి, కిటికీ రెక్కలు బార్లా తీశాడు. ఎగాదిగా చూశాడు. "రంగు బాగా పట్టింది."

"చీర సంగతి కాదయ్యా నేనడిగేది!"

"మెరిసిపోతున్నావు" అన్నాడు, ఎటో చూస్తూ.

"ఆ, లైటు ముందు నిలబడితే ఎవరైనా మెరుస్తారు."

"ఆర్పేసే చెబుతున్నా."

నిజమే. నేను ఆరిపోయే ఉన్నాను.