రాట్నం ఆగిన అమావాస్య

పెనం మీది జొన్నరొట్టెకు తడిగుడ్డ అద్ది, తిరగేసి, అంచులు వేలితో నొక్కి చూసింది తిరుపతమ్మ. వానకు తడిసిన పుల్లలు మంటకంటే పొగే ఎక్కువ ఇస్తున్నాయి. ఇంకా తెల్లవారలేదు. శ్రావణ అమావాస్య కావడంతో గద్వాల సాలెవాళ్ల పేటలో ఒక్క మగ్గం కూడా పలకడం లేదు.

నెల పొడుగునా మగ్గం గుంటలో కాళ్లు దిగేసి కూర్చునే ఆ పేట మగవాళ్లు అమావాస్యనాడు మగ్గం ముట్టరు. దానికి ఊదువత్తి చూపించి, కాళ్లు నడక మరిచిపోకూడదన్నట్టు అందరూ కలిసి బయలుదేరుతారు. ఒక నెల కోటగోడ చుట్టూ, ఒక నెల మల్దకల్ బాటలో కొంత దూరం, వానాకాలంలో కృష్ణ నది ఒడ్డుకు. ఏ తాత మొదలుపెట్టాడో ఎవరికీ తెలియదు.

సెలవు మగ్గానికే గాని రాట్నానికి కాదు. మరునాటి నేతకు కండెలు కావాలి. మగవాళ్లు నడిచి వచ్చేలోగా ఆడవాళ్లు నూలును కండెలకు చుట్టి పెట్టాలి. కాపురానికి వచ్చిన నాటినుంచి తిరుపతమ్మ అమావాస్యలన్నీ రాట్నం ముందే గడిచాయి. ఆమె ఎదుట ఉండేది మట్టిగోడ. అందులో ఏ పెచ్చు ఎప్పుడు ఊడిందో కూడా ఆమెకు గుర్తే.

ఆమెకు ఆ సెలవులో వచ్చే వాటా ఒక్కటే. సాయంత్రం బక్కయ్య ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, గోడకు ఆనుకుని కృష్ణ సంగతి చెబుతాడు. ఒక మాట కూడా పోకూడదని ఆమె రాట్నం మెల్లగా తిప్పేది. "ఊరి మగ్గాలన్నీ ఒక్కపారి నేస్తె ఎట్లుంటది, గట్ల మొత్తుకుంటది కిష్ణ," అనేవాడు. ఆ చప్పుడు వింటూ నిద్రపోయిన రాత్రులు ఆమెకు చాలానే ఉన్నాయి.

ఈ ఏడు సముద్రాల అవతల జరిగే యుద్ధం మూలంగా నూలు సరిగా రావడం లేదు. మగ్గాలు చాలా రోజులుగా ఊరికే ఉన్నా, నడకకు మాత్రం అమావాస్య వచ్చేదాకా ఆగారు. చుట్టడానికి దారం లేక రాట్నం మూలన పడి ఉంది.

రొట్టెలు మూటగడుతూ, "ఇయ్యాల నేనూ వస్త," అంది.

పంచె బిగిస్తున్న బక్కయ్య చేతులు ఆగాయి. "యాడికి?"

"నువ్వు పోయే కాడికే. కిష్ణను చూస్త."

"శానా దూరం. నీ పానం ఆగదు."

"నీ కుంటికాలు పోతలేదా? నా రెండు కాళ్లు మంచిగనే ఉన్నయి గద."

"ఆడోళ్లెవరు రారే."

"కిష్ణ రావద్దన్నదా?"

బక్కయ్య పంచె ముడి మళ్లీ బిగించాడు. చిన్ననాట జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిన మనిషి. ఆ కాలును ముందుకు విసిరి నడుస్తాడు. ఈ మధ్య నాలుగు అడుగులకే ఆయాసం వచ్చి, రొమ్ము మీద చెయ్యి వేసుకుని నిలబడుతున్నాడు. ఆయన ముఖంలో ఏదో కంగారు కనబడింది. తన కోసమే అనుకుంది తిరుపతమ్మ.

అందరినీ గడప గడపకూ పోయి పిలిచే పని కురుమయ్యది. బక్కయ్యకు మేనల్లుడు, వాగుడుకాయ. తలకు కండువా చుట్టుకుని తిరుపతమ్మ బక్కయ్య వెంట బయటికి రావడం చూసి, "అత్త గూడనా? అయితే ఇయ్యాల రొట్టెలు అందరికీ సరిపోతయి," అన్నాడు. వెనకనున్న ఇంకో నేతగాడు కిష్టయ్యకు నచ్చలేదు. "ఆడమనిషి ఎంటుంటె మనం పొద్దుగూకినా ఇల్లు చేరం," అని గొణిగాడు. ఎదురింటి లక్ష్మీదేవమ్మ కల్లాపి చల్లుతూ చెయ్యి ఆపింది.

"ఏం వదినె, ముసలోనితోని షికారుకు పోతున్నవా? పూలన్న పెట్టుకపోరాదు."

"నీ తలల ఉన్నయి గద, ఇటియ్యి, పెట్టుకుంట."

లక్ష్మీదేవమ్మ నవ్వుతూనే నిజంగా తీసి ఇచ్చింది.

కోటగోడ పక్కగా నడిచి ఊరు దాటారు. వెలుగు వచ్చింది. తిరుపతమ్మ కళ్లకు నీళ్లు తిరిగాయి. మూరెడు దూరంలోని దారానికి అలవాటు పడ్డ చూపు, జొన్నచేల మీదుగా జారిపోయి ఎక్కడా ఆగక తడబడింది. ఎంత చూసినా ఇంకా ఉంది నేల. ఒక తీతువు పైన అరుచుకుంటూ పోతే, అది చుక్కంత అయ్యేదాకా నిలబడి చూసింది. ఎర్రమట్టి పాదాలకు మెత్తగా తగులుతోంది. ఇదంతా తన ఇంటికి ఇంత దగ్గరలో ప్రతిరోజూ తెల్లవారుతూ ఉందా అనుకుంది.

సగం దారిలో గుట్టలాంటి ఒక గడ్డ మొదట్లో సుంకులమ్మ గుడి ఉంది. గుడి అంటే నిలబెట్టిన రాయి, పక్కన ఒక వేపచెట్టు. అక్కడ కురుమయ్య అలవాటు చొప్పున అందరి మూటలూ తీసి వేపచెట్టు కింద పెట్టాడు.

"మామా, నువ్వు ఎప్పటిలెక్క మూటలు చూసుకుంట ఈడనే కూసో. మేం కిష్ణ దాకా పోయి..."

అత్త అక్కడే ఉందని గుర్తొచ్చి మధ్యలో ఆగిపోయాడు. ఒకడు ఊడని తలపాగాను మళ్లీ చుట్టుకున్నాడు.

తిరుపతమ్మ చెట్టు కిందికి చూసింది. అక్కడ ఒక చదును రాయి, కూర్చుని కూర్చుని నున్నబడింది. దాని పక్కన చెట్టు మొదలుకు ఆకుకు సున్నం రాసిన వేలు తుడిచిన గుర్తులు, ఒకదాని మీద ఒకటి. ఇంట్లో గోడకు కూడా బక్కయ్య అచ్చం అలాగే తుడుస్తాడు. ఎన్ని సార్లు చెప్పినా వినడు.

ఆయన ఈ గడ్డ ఎన్నడూ దాటలేదు. కృష్ణను ఒక్కసారి కూడా చూడలేదు. ఇక్కడ కూర్చుని, తిరిగి వచ్చిన వాళ్లను ఏం చూశారో అడిగి, ఒకడి దగ్గర ఒక మాట, ఇంకొకడి దగ్గర ఒక మాట పోగుచేసుకుని, తెగిన పోగులను అతుకు తెలియకుండా కలిపినట్టు కలిపి, కుంటికాలుతో మోసుకుని వచ్చి ఆమె ముందు పెట్టాడు. ప్రతి వానాకాలం. ఈ పదిమందిలో ఒక్కడు కూడా, వాగుడుకాయ కురుమయ్య కూడా, ఇన్నేళ్లలో ఆ మాట ఆమె చెవిన పడనివ్వలేదు.

బక్కయ్య నేలను చూస్తూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకెంత దూరముంటది?" అని అడిగింది తిరుపతమ్మ, కురుమయ్యను.

"వచ్చినంత ఉంటది అత్తా. గడ్డ ఎక్కుడే జర కష్టం."

ఆమె చదును రాయి మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. "పానం బాగలేకుంటె ఇద్దరం ఈడనే కూసుందం. వీళ్లు పోయొచ్చి చెప్తరు. మంచిగనే ఉంటది."

బక్కయ్య కూర్చోలేదు. గడ్డ వైపు చూశాడు.

"నాకు తొవ్వ తెల్వదు, తిరుపతీ."

"నాకూ తెల్వదు. ఇద్దరం అడుగుదం."

ఆయన రొమ్ము మీద చెయ్యి వేసుకుని, ఎడమకాలు ముందుకు విసిరాడు.

గడ్డ ఎక్కుతుంటే వింతలు జరిగాయి. ఎప్పుడూ ముందుండే కిష్టయ్యకు కాలిలో ముల్లు గుచ్చుకుంది. రాయి మీద కూర్చుని పాదం తిప్పి తిప్పి వెతికాడు. ముసలివాళ్లిద్దరూ తనను దాటేదాకా అది దొరకలేదు. ఇంకొంచెం పైన కురుమయ్యకు తంబాకు గుర్తొచ్చింది. తర్వాత ఇంకెవరికో ముల్లు. తిరుపతమ్మ అన్నీ చూసింది. బక్కయ్య బరువు ఆమె భుజం మీద ఉంది. ఆయన ఊపిరి ఈలలా వినబడుతోంది.

గడ్డ ఎక్కి, ఆగి ఆగి మిగిలిన బాట నడిచాక కృష్ణ కనబడింది.

చప్పుడు లేదు. ఆమె మొదట గమనించింది అదే. నేలంతా కదిలిపోతున్నట్టు ఎర్రటి నీళ్లు, అవతలి ఒడ్డు ఒక సన్నని గీత. వేళ్లతో పెకలించుకు వచ్చిన పెద్ద చెట్టొకటి, కొమ్మల మీద కొంగలు కూర్చుని ఉండగా, మధ్యలో చిన్న పుల్లలా తిరుగుతూ పోయింది. అంత నీరు, అంత బలం, ఎవరినీ పిలవకుండా, ఎవరి కోసమూ ఆగకుండా పోతోంది. ఆమె చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

"మొత్తుకుంటలేదు గద," అంది చిన్నగా, పక్కకు తిరిగి.

బక్కయ్య వినలేదు. పెండ్లినాడు తెర తీసినప్పుడు చూసిన చూపుతో ఆయన నీళ్లను చూస్తున్నాడు. ఆ చూపును తిరుపతమ్మ మళ్లీ చూస్తాననుకోలేదు. అందుకే కాసేపు కృష్ణను వదిలి ఆయన ముఖమే చూసింది.

ఒడ్డు దగ్గర నీళ్లు నిదానంగా ఉన్నచోట, పంచె పైకి కట్టుకోవడం కూడా మరిచి మోకాళ్ల దాకా దిగాడు. కురుమయ్య వెనక నుంచి మొలతాడు పట్టుకుని, "మామా, నిన్ను కిష్ణ తీస్కపోతె అత్త నన్ను ఇంట్లకు రానియ్యదు," అన్నాడు. బక్కయ్య నవ్వాడు. అందరూ ఒడ్డున కూర్చుని రొట్టెలు తిన్నారు. తిరుగుదారిలో ఒక పచ్చిగడ్డి బండి దొరికింది. బండివాడు అడగకుండానే ముసలివాళ్లిద్దరినీ ఎక్కించుకున్నాడు.

దీపాల వేళ, గోడకు ఆనుకుని కూర్చున్నాడు బక్కయ్య. తిరుపతమ్మ అలవాటు కొద్దీ అడిగింది.

"ఎట్లున్నది కిష్ణ?"

ఆయన ఏమీ తోచనట్టు ఆమెను చూశాడు. "నువ్వు చెప్పు. నేనింట."

ఆమె చెప్పింది. ఎర్రటి నీళ్లు, కొంగలను ఎక్కించుకుని పోయిన చెట్టు, గీతంత ఒడ్డు, ఆ నిశ్శబ్దం. చెప్పడం ఆమెకు కొత్త. మాటలు వెతుక్కుంటూ, తడబడుతూ చెప్పింది. బక్కయ్య కళ్లు మూసుకుని, ఎక్కడైనా ఆమె ఆగితే "ఊఁ" అంటూ విన్నాడు. ఎప్పుడో ఆ "ఊఁ" నెమ్మదించి నిద్రయింది. ఆమె దుప్పటి కప్పింది.

పొద్దున్నే కురుమయ్య గడపలోకి వచ్చాడు. "మామను లేపు అత్తా. నూలొచ్చింది."

"జర మెల్లగ. నిన్న శానా నడిచిండు," అంటూ ఆమె లోపలికి పోయి, భుజం మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది. చెయ్యి తియ్యలేదు.

కురుమయ్య బయట పిలుస్తూనే ఉన్నాడు. తర్వాత పిలవడం మానేశాడు. లక్ష్మీదేవమ్మ వచ్చి, తిరుపతమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

వాకిట్లో తాడు మీద రాత్రి ఆరేసిన తెల్ల పంచె ఆరిపోయి మెల్లగా ఊగుతోంది. కింది భాగమంతా, మోకాలి ఎత్తుదాకా, కృష్ణ ఒండ్రు ఎర్రగా అంచు కట్టి ఉంది.