చలి కోసం పుట్టిన రెక్క

నేను ఒక ఇనప రెక్కను. అరచేతిలో ఇమిడిపోతాను. ఒక పాత విదేశీ కారు ఇంజన్లో, పొగగొట్టం మెడలో, సరిగ్గా పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ కింద నా నివాసం. నన్ను పోతపోసిన చలిదేశం వాళ్ళు అప్పగించిన పని ఒకటే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నేను మూసుకోవాలి. అప్పుడు వేడి పొగ పైకి మళ్ళి కార్బురేటర్ అడుగును వెచ్చబరుస్తుంది. ఇంజను వేడెక్కాక నా పక్కనున్న స్ప్రింగు సడలుతుంది, నేను తెరుచుకుంటాను, పొగ తన దారిన వెనక్కి పోతుంది. ఇంతవరకు బాగానే అర్థమైంది. ఆ తరవాతే ఏదీ అర్థం కాలేదు.

ఎందుకంటే నన్ను ఓడెక్కించి గుంటూరు తెచ్చారు!

ఎంత కాచుకున్నా ఇక్కడ చలి రాలేదు. మిర్చి వ్యాపారి కొల్లా శేషగిరి గారు కారు కొన్న మొదటి వేసవిలోనే మెకానిక్ నాగుల్ మీరా నన్ను బార్లా తెరిచి, కదలకుండా తీగతో కట్టేశాడు. "ఇక్కడ దీనికి పనేం లేదు సార్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ విచిత్రం, కారు ముప్పై ఏళ్ళు నిక్షేపంలా నడిచింది. ఏమీ చేయకపోవడమే నేను చేసే సేవా? ఎవరినడగను?

శేషగిరి గారు పోయాక కారు ఆయన కూతురు వాసంతి చేతికొచ్చింది. కారంటే ఆమెకు ప్రాణం. దాన్ని చేసిన కంపెనీ అచ్చువేసిన ఇంగ్లీషు పుస్తకం తెప్పించి, పేజీ పేజీ చదివి, ఒకరోజు నన్ను చూసి, అప్పటికీ ఆ కారు పని చూస్తున్న నాగుల్ మీరాను పిలిచింది.

"ఇది కదలాలట బాబాయ్. ఇన్నేళ్ళూ తీగ కట్టి నెట్టుకొచ్చావా?"

"అది కాదమ్మా, మన ఎండలకి..." అని మీరా మొదలుపెట్టేలోపే ఆమె పుస్తకం ఆయన ముందుకు తోసింది. మీరాకు ఇంగ్లీషు రాదు. చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. 'తీగ కట్టి నెట్టుకొచ్చాడు' అని ఆమె నలుగురితో అన్న మాట ఊరంతా పాకి, ఆయనకు 'తీగల మీరా' అని పేరు పడింది. జీవితమంతా నిజాయితీగా పనిచేసినవాడికి అదీ బిరుదు. నాకు నిజం తెలుసు, నోరే లేదు.

వాసంతి తీగ తెంచింది. నేను సంబరపడాలి కదా? స్ప్రింగు ఎప్పుడో బిగుసుకుపోయింది, ఇరుసంతా తుప్పు. టక్కున మూసుకుపోయాను. మళ్ళీ తెరుచుకోవడం నా వల్ల కాలేదు.

మే నెలలో పాత కార్ల ఊరేగింపు పెట్టారు. రోళ్ళు పగిలే ఎండ. మంగళగిరి చేరేసరికి పొగ వేడంతా పైకి తగిలి, కార్బురేటర్లో పెట్రోలు కుతకుత ఉడికింది. కారు ఆగింది. చేరినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. "బ్యాటరీ పోయుంటదండీ." "పెట్రోలు ఉందా, చూసుకున్నారా?" "దిష్టమ్మా, నిమ్మకాయ తొక్కించండి." కట్టు విప్పిన మనిషినే నడిరోడ్డున నిలబెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను.

వాసంతి ఫోను తీసింది. "బాబాయ్, నాదే తప్పు. ఒక్కసారి వస్తావా?"

రాడనుకున్నాను. స్కూటరు మీద వచ్చాడు. తాళం ముట్టుకోలేదు. తడి తువ్వాలు కార్బురేటర్ మీద కప్పి, "ముందు చల్లారనీ అమ్మా. వేడి మీద ఏం తిప్పినా లాభం లేదు" అన్నాడు. చల్లారాక స్క్రూడ్రైవరుతో నన్ను తెరిచి, తీగ ఆమె చేతికిచ్చాడు.

"నువ్వే కట్టు. ఎందుకు కట్టావని రేపెవరన్నా అడిగితే చెప్పాల గదా."

ఆమె కట్టింది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. మళ్ళీ కట్టుబడినందుకు ఏడవాలో, కారు కదిలినందుకు నవ్వాలో నాకు తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

"అయితే పుస్తకంలో తప్పు రాశారా బాబాయ్?"

"తప్పెందుకమ్మా? రాసినాయన మన ఎండలో నిలబళ్ళేదు, అంతే."

వాసంతి ఆ పేజీ తీసి, అంచున పెన్నుతో తెలుగులో ఏదో రాసి, ఆయనకు చదివి వినిపించింది. "గుంటూరులో దీన్ని తెరిచి కట్టి ఉంచాలి. చెప్పినది షేక్ నాగుల్ మీరా."

మీరా తువ్వాలు భుజాన వేసుకుని, "ఇంకోసారి చదువమ్మా" అన్నాడు.