నాలుగు గోడలు విన్న ఏడుపు

బుస్సో తన వేటకుక్కల్ని తోలుకుని వెండ్‌హాగెన్ కోట వాకిట్లో దిగేసరికి, అతని వదిన ఇల్జబేకి నొప్పులు మొదలై చాలాసేపయింది.

ఆమె భర్త లెవిన్ చలికాలం మొదట్లో గుర్రం మీంచి పడి చనిపోయాడు. ఆమె కడుపుతో మిగిలిపోయింది. వెండ్‌హాగెన్ ఏ ప్రభువో దయతలచి ఇచ్చిన భూమి కాదు, తాతల నాటి సొంత ఆస్తి. మగబిడ్డ పుట్టినా ఆడబిడ్డ పుట్టినా ఆ బిడ్డదే. అయితే ఆ సీమలో ఒక కట్టుబాటు ఉంది. తండ్రి పోయాక పుట్టిన బిడ్డ నాలుగు గోడల మధ్య ఏడవాలి. గోడ అవతల నిలబడ్డ నలుగురు మగవాళ్లు ఆ ఏడుపు విని, విన్నామని నోటితో చెప్పాలి. ఒక్కడు కాదన్నా ఆ బిడ్డ పుట్టనట్టే. ఇల్లూ పొలమూ తండ్రి తమ్ముడికి పోతాయి.

ఆ తమ్ముడే బుస్సో.

"బురుజు గది వెచ్చగా ఉంచమన్నాను వదినా," అన్నాడు మెట్ల దగ్గర ఎదురై. "సాక్షులు కింద హాల్లో కూర్చుంటారు. వేడివేడి సూపు కూడా పోయిస్తాను."

బురుజు గది సంగతి ఇల్జబేకి తెలుసు. దాని గోడలో మనిషి అడ్డంగా పడుకోవచ్చు, అంత మందం. తొలిచూలు బిడ్డను ఆమె ఆ గదిలోనే పోగొట్టుకుంది. ఆనాడు ఎంత అరిచినా కింద ఉన్న లెవిన్‌కి ఒక్క కేక కూడా చేరలేదు.

"ఆ గదిలో కనను. బార్లీ కొట్టంలో కంటాను."

బీరు కాయడానికి మొలకెత్తిన బార్లీని ఆరబెట్టే కొట్టం అది. లోపల పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. గోడలు ఉత్త చెక్క పలకలు.

బుస్సో పకపకా నవ్వాడు. "విన్నారా? మా ఇంటి కోడలు ఆవులాగా కొట్టంలో ఈనుతుందట."

"ఈనుతాను మరిదీ. ఆవుదూడ అరిస్తే ఊరంతా వింటుంది."

మంత్రసాని ట్రీనా ఆమె చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది. "అమ్మగారూ, పలక అవతలే మగాళ్లుంటారు. మీ మూలుగు దగ్గర్నుంచి అన్నీ వినపడతాయి."

"విననీవే. సిగ్గుపడటానికి ఇంకా బోలెడు బతుకుంది నాకు."

ట్రీనా భుజం పట్టుకుని ఆమె మంచులో వాకిలి దాటింది. మధ్యలో నొప్పి వచ్చి ఆగిపోతే కుక్కలు చుట్టూ చేరి ఆమె పావడా వాసన చూశాయి. వాటిని తోలమని ఆమె ఎవర్నీ అడగలేదు. నొప్పి దిగాక మళ్లీ నడిచింది.

పలక గోడ అవతల నలుగురు నిలబడ్డారు. పాస్టరు, పిండిమర నడిపే మరవాడు, బార్లీ ఆరబెట్టే ముసలాయన, ద్రేవెస్ అనే రైతు. ద్రేవెస్ దున్నుకునే పొలం బుస్సోది. బుస్సో వచ్చి సరిగ్గా అతని పక్కనే నిలుచున్నాడు.

మధ్యాహ్నానికి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. నీలంగా ఉంది, కదలిక లేదు. ట్రీనా వీపు రుద్దింది, అరికాళ్లు తట్టింది, గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసింది. ఎట్టకేలకు పిల్ల సన్నగా మూలిగింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఎవరో కుక్కలకి పేగులు విసిరారు. అవి ఒకదాని మీద ఒకటి పడి మొరిగాయి.

"విన్నారా అయ్యగారూ?" ట్రీనా లోపల్నుంచి అరిచింది.

"ఏదో వినపడినట్టే ఉంది," అన్నాడు పాస్టరు. "ఒట్టేసి మాత్రం చెప్పలేను."

"నేను పిల్లికూన అనుకున్నా," అన్నాడు మరవాడు.

"పిల్లే. ఈ కొట్టం నిండా పిల్లులేగా," అన్నాడు బుస్సో.

ట్రీనా కళ్లు తుడుచుకుంది. "ఏడవటానికి ఓపిక లేదమ్మా దీనికి. మత్తుగా పోతోంది."

"ఇటివ్వు దాన్ని."

"పాలిచ్చే దాదికి కబురు పెట్టాం కదమ్మా. మీ ఇళ్లల్లో దొరసానులు తామే పాలివ్వడం..."

"ఇటివ్వవే."

ఇల్జబే రవికె విప్పి పిల్లను రొమ్ముకు ఆనించుకుంది. పిల్ల పెదాలతో కాసేపు తడుముకుని, చివరికి పట్టుకుంది. మొదట బలహీనంగా, తర్వాత గట్టిగా. బుగ్గల్లోకి కాస్త రంగు వచ్చింది. గుటక పడిన చప్పుడు తల్లికి తెలిసింది. పిల్ల రెండు పిడికిళ్లూ బిగించి రుచి మరిగే దాకా ఆగి, ఇల్జబే దాని నోట్లో వేలు పెట్టి రొమ్ము లాగేసుకుంది.

పిల్ల ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత నోరు తెరిచింది. ఒళ్లంతా ఎర్రబడిపోయేలా, పలకలు అదిరేలా గుక్కపట్టింది. కుక్కలు మొరుగుతూనే ఉన్నాయి. వాటి మీదుగా ఆ ఏడుపు వాకిలంతా పాకింది.

"విన్నాను," అన్నాడు పాస్టరు.

"అబ్బో, విన్నాను. పిల్లి కాదిది," అన్నాడు మరవాడు.

"నా చెవిటి చెవులకే వినపడింది," అన్నాడు బార్లీ ముసలాయన.

నాలుగో గొంతు లేవలేదు.

"ద్రేవెస్, విన్నావా?" ఇల్జబే పలకల వైపు తిరిగి అడిగింది.

బుస్సో గొంతు మెత్తగా వినిపించింది. "తొందరేం లేదు ద్రేవెస్. అనుమానముంటే అనుమానమనే చెప్పు. వసంతంలో దుక్కి కూడా చూసుకోవాలి కదా నువ్వు."

పిల్ల గొంతు బొంగురుపోతోంది. ఇల్జబే రొమ్ములోంచి పాలు కారి పొట్ట మీద పడుతున్నాయి. అయినా ఆమె పిల్లను మోకాళ్ల మీదే, నోటికి అందకుండా పట్టుకుని కూర్చుంది.

"పట్టండమ్మా, మీకు పుణ్యముంటుంది," ట్రీనా బతిమాలింది. "ఊపిరి అందట్లేదు దానికి."

"ద్రేవెస్ చెప్పాక పాలు పడతాను." బయటికి వినపడేలా అంది. "ఏం ద్రేవెస్, మీ ఇంట్లో చంటిపిల్ల పాలకేడిస్తే నీకు వినపడుతుందా?"

"వినపడుతుందండీ." గొంతు పీలగా వచ్చింది.

"మరి ఇది?"

పిల్ల గుక్క ఆగిపోయింది. కొట్టం లోపలా బయటా అందరూ బిగుసుకుపోయారు. తర్వాత ఊపిరి తిరిగి మళ్లీ అందుకుంది.

"విన్నాను దొరసానీ," అన్నాడు ద్రేవెస్. ఈసారి గొంతు పెద్దదే. "విన్నాను, ఒట్టేసి చెప్తాను. ముందు ఆ బిడ్డకి పాలు పట్టండి."

"ఆలోచించే అన్నావా?" అని బుస్సో అడగటం వినపడింది.

"ఆలోచించే అన్నాడు," ఇల్జబే లోపల్నుంచే జవాబు చెప్పింది. "మర పక్కన మా చేను బీడు పడి ఉంది ద్రేవెస్. వసంతంలో వచ్చి నాగలి కట్టుకో."

పిల్లను దగ్గరికి తీసుకుంది. పిల్ల కోపంతో తల అటు తిప్పేసుకుంది. మళ్లీ పట్టబోతే మళ్లీ తిప్పేసుకుంది. ఇల్జబే బలవంతం చెయ్యలేదు. దాని కోపం తీరేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.