జెస్సికా పేరు కింద నంబరు

"పేరెంట్ అంటే నువ్వే కద ఎవా, దానికి మళ్ళ నన్ను అడుగుడెందుకు?" అన్నాడు నతానియేల్, దివాన్ మీద పడుకుని, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

ఎవాంజెలిన్ అడిగింది చిన్న ప్రశ్నే. రేపు బడి తెరుస్తున్నారు. పిల్లల ప్రతి వస్తువు మీదా పేరుతో పాటు పేరెంట్ ఫోన్ నంబరు కూడా ఉండాలని స్కూలు వాళ్ళు మెసేజ్ పెట్టారు. ఉండాలి మరి. వీళ్ళ అమ్మాయి ఈడు జెస్సికాలే ఆ బడిలో ముగ్గురున్నారు. పోయినేడు ఈ జెస్సికా స్కర్టు ఇంకో జెస్సికా ఇంట్లో ఏడాదంతా ఉతికించుకుంది. అందుకని "ఎవరి నంబరు పెట్టమంటారండీ, మీదా నాదా?" అని మొగుణ్ణి అడిగింది, అంతే. ఆ మాత్రానికి ఆ జవాబు.

ఆదివారం మధ్యాహ్నం. చర్చి అయింది, బిర్యానీ అయింది, గిన్నెలు కడగడం కూడా అయింది. ప్రగతి నగర్‌లో కరెంటు పోయి వచ్చి, ఫ్యాను మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. హాల్లో చాప మీద కూతురి బట్టలన్నీ పరుచుకుని కూర్చుంది ఎవాంజెలిన్. పక్కనే అత్తగారు సారమ్మ మెంతికూర తుంచుతోంది.

పిల్ల బట్టల మీద పేర్లు వేయడానికి ఈ ఇల్లు పడని పాట్లు లేవు. మొదటేడు ఎవాంజెలిన్ మార్కర్ పెన్నుతో రాసింది. రెండు ఉతుకులకే జెస్సికా కాస్తా ఊదారంగు మరకై కూర్చుంది. మరుసటేడు నతానియేల్ రంగంలోకి దిగాడు. "ఏ కాలంల ఉన్నవ్ నువ్వు? ఇస్త్రీ చేస్తే అతుక్కునే స్టిక్కర్లు ఆర్డర్ పెట్టిన, చూడు ఇగ" అని ఇల్లంతా చాటింపు వేశాడు. స్టిక్కర్లు వచ్చాయి. ఇస్త్రీ చేసింది మాత్రం ఎవాంజెలినే. వాషింగ్ మెషీన్‌లో నాలుగుసార్లు తిరిగేసరికి సగం ఊడిపోయాయి. ఊడినవి ఊరుకున్నాయా, అందులో ఒకటి వెళ్ళి నతానియేల్ తెల్లచొక్కా వీపుకి అంటుకుంది, దాని మీదే ఇస్త్రీ పడింది. ఆయనగారు కోకాపేట ఆఫీసులో పొద్దంతా వీపు మీద జెస్సికా అని పెట్టుకుని తిరిగాడు. సాయంత్రం ఇంటికొచ్చి చేసిన రభస ఇంతా అంతా కాదు. "చొక్కా ఇచ్చేటప్పుడు చూస్కోవద్దా?" అన్నాడు. తొడుక్కునేటప్పుడు మీరు చూసుకోవద్దా అని అడగాలనిపించింది ఆమెకు. అడగలేదు. నవ్వు ఆగక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చివరికి సారమ్మ మాటే నెగ్గింది. ఆమె మిషన్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. వార్డు దుప్పట్ల మీద ఎర్రదారంతో గుర్తులు కుట్టిన చేయి. "నా కొడుకు బట్టలకు పదో తరగతి దాంక నేనే కుట్టిన. నైట్ డ్యూటీ చేసొచ్చి కుట్టిన. ఎన్నడన్న ఫికర్ చేసిన్నా?" అని ఎత్తిపొడుస్తూనే కోడలికి గొలుసుకుట్టు నేర్పింది. తెల్లటి నాడా ముక్క మీద ఎర్రదారంతో పేరు కుట్టి, ఆ ముక్కను కాలరు లోపలా నడుంపట్టీ లోపలా కలిపి కుట్టేయాలి. ఎన్ని ఉతుకులకైనా చెక్కుచెదరదు. రెయిన్‌కోటుకు మాత్రం ఎక్కడ సూది గుచ్చినా అక్కడ నీళ్ళు కారతాయి, కాబట్టి మెడ దగ్గర కొక్కేనికి తగిలించే పట్టీ ఉంటుంది చూశారూ, దానికే కుట్టాలి.

పేరు సరే. ఇప్పుడు కొత్తగా నంబరు. తన నంబరులో మొదటి అంకె కుట్టగానే ఎవాంజెలిన్ చేయి ఆగిపోయింది.

ఆ నంబరు స్కూల్లో అందరికీ కంఠతా వచ్చు. టై పోతే దానికే, టిఫిన్ డబ్బా మరిచిపోతే దానికే, బస్సు ఆలస్యమైతే దానికే, దొరికిన టై జెస్సికాది కాదని తేలితే ఆ సంగతి చెప్పడానికీ దానికే. చేర్చిననాడు ఇద్దరి నంబర్లూ ఇచ్చారు. రెండోది ఇంతవరకూ మోగిన పాపాన పోలేదు. పోయినేడు టీమ్ లీడ్ పోస్టుకి మేనేజర్ సంతోష్ ఆమెను పిలిచి మాట్లాడుతున్నప్పుడు ఫోను బల్ల మీద గిలగిలా కొట్టుకుంది. చూస్తే స్కూలు. పిల్లకేమైందోనని గబుక్కున ఎత్తింది. వాటర్ బాటిల్ మూత దొరికిందట! సంతోష్ ఎంతో మర్యాదగా నవ్వాడు. "మీ వర్క్ సూపర్ ఎవాంజెలిన్ గారూ. కానీ లీడ్ అంటే ఫోకస్ కావాలి కదండీ. ఇంట్లో కాస్త సెటిలయ్యాక చూద్దాం" అని ఆ పోస్టు నితీష్‌కి ఇచ్చాడు. నితీష్‌కీ ఇద్దరు పిల్లలున్నారు. అతను ఇంట్లో సెటిలయ్యాడో లేదో ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం ఆఫీసు క్యాబ్‌లో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చింది ఎవాంజెలిన్. ఇంటికొచ్చి చెబితే "పోనీలే, టెన్షన్ తక్కువ. నీకు ఇదే బెటర్" అన్నాడు నతానియేల్. ప్రేమగానే అన్నాడు. అందుకే ఇంకా ఎక్కువ మండింది.

ఇప్పుడు నితీష్ వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. కుర్చీ మళ్ళీ ఖాళీ అయింది. "ఒక నెల ట్రయల్‌గా మీకిచ్చి చూద్దాం" అన్నాడు సంతోష్. రేపు పొద్దున హైటెక్ సిటీ ఆఫీసులో క్లయింటుకి డెమో ఇవ్వాల్సింది ఆమే. ఈసారి కూడా చేజారిందంటే ఇక ఆ కుర్చీ సంగతి తనతో ఎవరూ ఎత్తరు, అది ఆమెకు బాగా తెలుసు. పోనీ డెమో అయ్యేదాకా ఫోను ఆపి పెడితే? అమ్మో! పిల్ల నిజంగానే మెట్ల మీద నుంచి పడితే? ఆపితే తల్లివేనా అంటారు, ఎత్తితే నీకు ఉద్యోగమెందుకు అంటారు. అనడానికి వాళ్ళూ వీళ్ళూ దాకా ఎందుకు, తనను తానే అనుకుంటుంది. ఇన్నేళ్ళూ ఈ రెండిటి మధ్యే నలిగింది. ఫోను ఎవరో ఒకరు ఎత్తాలి, నిజమే. ఆ ఎవరో తనే కావాలని ఎవరు చెప్పారు? పిల్లకు తండ్రి లేడా? నిక్షేపంలా దివాన్ మీద ఉన్నాడు.

దారం పుటుక్కున తెంపింది. కొత్త నాడా ముక్క తీసుకుని జెస్సికా అని కుట్టింది. దాని కింద నతానియేల్ నంబరు కుట్టడం మొదలుపెట్టింది. ఏదో దొంగతనం చేస్తున్నట్టు ఈ భయమేమిటి నాకు, అని తన మీద తనకే కోపం వచ్చింది.

రెండో ముక్క పూర్తయ్యేసరికి సారమ్మ కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది.

"గిది మావోని నంబర్ కదనే?"

"అవునత్తమ్మా."

"వానికి చెప్పినవా?"

"ఎవరిది పెట్టమంటారని అడిగాను కదండీ, మీ ఎదురుగానే. ఆయన తల ఎత్తలేదు."

సారమ్మ కొడుకు వైపు చూసింది. నతానియేల్ అప్పటికే నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అత్తగారు ఎడాపెడా వాయిస్తుందని ఎవాంజెలిన్ తల వంచుకుంది.

"ఫికర్ చెయ్యలే అంటి గద, అదంత ఉత్తమాట" అంది సారమ్మ గొంతు తగ్గించి. "కండ్లు మూతలు పడుతుంటె ఏడ్సుకుంట కుట్టిన. మీ మామ పక్కనే పండుకుని ఉండేటోడు. జర దారం ఎక్కియ్యి అని గుడ అనకపోతి. ఎందుకు అనలేదో ఇప్పటికి తెల్వది." కాసేపు మెంతికూర కాడలు ఏరి, తర్వాత చేయి చాపింది. "ఆ రెయిన్‌కోటు ఇటియ్యి. దానికి నేను కుడత."

నిజానికి దాచిందేమీ లేదు. తెల్లారి జెస్సికాను బస్సు దగ్గరికి తీసుకెళ్ళింది నతానియేలే. రెయిన్‌కోటును ఆ పట్టీతోనే వేలికి తగిలించుకుని తీసుకెళ్ళాడు. ఎర్రదారపు నంబరు ఆయన కళ్ళ ముందే ఊగింది. చూడలేదు. చూసే అలవాటే ఉంటే వ్యవహారం ఇంతదాకా ఎందుకు వస్తుంది?

డెమోలో ఎవాంజెలిన్ ఫోను ఆపలేదు. ఎప్పటిలాగే బల్ల మీద పెట్టుకుంది. మొదట్లో మాట మాటకీ దాని వైపే చూసింది. అది మోగలేదు. మోగకపోతే కూడా భయమేసింది ఆమెకు, అలవాటు అలాంటిది మరి. కాసేపటికి దాన్ని మరిచిపోయింది. క్లయింటు ఒకటడిగితే రెండు చెప్పింది. ఇంతసేపు మధ్యలో ఎవరూ అడ్డురాకుండా తన గొంతు తనే విని ఎన్నాళ్ళయిందో. మంచినీళ్ళ కోసం బయటికి వచ్చేసరికి అప్పుడు మోగింది. నతానియేల్.

"ఎవా, స్కూల్ బస్సాయన ఫోన్ జేసిండు. జెస్సీ రెయిన్‌కోటు బస్సుల ఇడిసిపెట్టి పోయిందట. నా నంబర్ వాళ్ళకెట్ల దొరికింది?"

"దాని మీద కుట్టి ఉందండీ."

"నా నంబరా? మీటింగ్ల అందరి ముందర మోగింది తెలుసా? ఎంత పరేషాన్ అయిన్నో!"

"అవునండీ. అలాగే అవుతుంది."

ఆయన గొంతులో కోపం పోయి కంగారు వచ్చింది. "సరే, గిది చెప్పు. కోటు క్లాసుకు పంపిస్తడట, ఏ సెక్షన్ అని అడుగుతుండు. మనదాన్ది ఏ సెక్షన్?"

'బి' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏం పోయింది, ఒక్క అక్షరం. కానీ ఇవాళ సెక్షన్ చెబితే రేపు టీచరు పేరు, ఎల్లుండి షూ సైజు అడుగుతాడు. నంబరు ఆయనది అయినా, మోగేది మళ్ళీ తన ఫోనే అవుతుంది.

"కనుక్కోండి" అంది.

"నీకు తెల్వదా?"

"తెలుసండీ."

"మరి నాకెట్ల తెలుస్తది?"

క్లయింటుకి ఇంకో సందేహం ఉందని, గది తలుపు తెరిచి సంతోష్ పిలుస్తున్నాడు. వస్తున్నానని అతనికి చేయి ఊపింది ఎవాంజెలిన్.

"నాకెలా తెలిసిందో మీకూ అలాగేనండీ" అని ఫోను పెట్టేసి లోపలికి వెళ్ళింది.